అరచేయంత నేల, రెండు వందల వేగం

2020 మే 23న ఒక రేస్ డ్రైవరు దొరికిపోయాడు. అతణ్ని పట్టిచ్చింది మరేదో కాదు, ఆ రోజు అతని కారు మరీ బాగా పరుగెత్తడమే.

లాక్‌డౌన్ రోజులవి. ట్రాకుల మీద పందేలన్నీ ఆగిపోయాయి. విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా-ఈ నడిపేవాళ్లు తమ డ్రైవర్లను ఎవరిళ్లలో వాళ్లను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి వీడియో గేమ్ పందేలు పెట్టారు. ఆడి జట్టు డ్రైవరు డానియల్ ఆప్ట్ ఆ గేముల్లో అంతకు ముందు మెరిసింది పెద్దగా లేదు. బెర్లిన్ ట్రాకు నమూనా మీద ఆ శనివారం జరిగిన పందెంలో మాత్రం మూడో స్థానం కొట్టేశాడు. తోటివాళ్లకు అనుమానం వచ్చింది. ఆరా తీస్తే, ఆప్ట్ పేరు మీద స్టీరింగ్ పట్టుకున్నది ఓ పద్దెనిమిదేళ్ల గేమర్ అని తేలింది. నిర్వాహకులు ఆప్ట్ ఫలితాన్ని కొట్టేసి, పది వేల యూరోలు దాతృత్వానికి కట్టమన్నారు. ఆడి అతణ్ని పక్కన పెట్టింది.

పరీక్షలో ఒకరి బదులు ఇంకొకరు కూర్చోవడం మనకు తెలియని విద్యేం కాదు. కానీ చదువు రానివాడి బదులు వచ్చినవాడు రాస్తాడు కదా! ఇక్కడ నిజం కారు నడిపి బతికేవాడు గేమ్ కారు నడిపే కుర్రాణ్ని అద్దెకు తెచ్చుకున్నట్టయింది. మూడేళ్ల ముందు, 2017 జనవరిలో, ఇదే ఫార్ములా-ఈ లాస్ వేగాస్‌లో పది లక్షల డాలర్ల బహుమతులతో అసలు డ్రైవర్లనూ గేమర్లనూ ఒకే వేదిక మీద పోటీకి దింపింది. అప్పుడూ గెలిచింది గేమరే, నెదర్లాండ్స్‌కు చెందిన బోనో హూయిస్. గేము నుంచి నిజం కారుకు వెళ్లిన ఉదాహరణలూ ఉన్నాయి. ప్లేస్టేషన్‌లో గ్రాన్ టురిస్మో ఆడుతూ 2011లో ఒక పోటీ గెలిచిన బ్రిటిష్ కుర్రాడు యాన్ మార్డెన్‌బరో, రెండేళ్లకే ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల పందెంలో నిజం కారు నడిపాడు.

ఫుట్‌బాల్ గేమ్‌లో ఎంత ఆరితేరినా బొటనవేళ్లే ఆడతాయి, కాళ్లకు ఏమీ రాదు. తుపాకుల ఆటలో ఎంతమందిని కాల్చినా తుపాకి పట్టడం రాదు. కారు పందెం గేమ్ సంగతి వేరు. స్టీరింగు, పెడళ్లు పెట్టుకుని ఆడేవాడి చేతులూ కాళ్లూ కళ్లూ నిజం డ్రైవరు చేసే పనినే చేస్తాయి. అందుకు కారణం బొమ్మలు అందంగా ఉండటం కాదు. నేలను తాకే టైరు ఎలా నడుచుకుంటుందో చెప్పే లెక్క రెండు చోట్లా దాదాపు ఒకటే కావడం.

కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ ఈ-స్పోర్ట్స్, అంటే వీడియో గేమ్ పోటీలు, అనగానే పిల్లలకు గుర్తొచ్చేవి బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి తుపాకుల ఆటలు. పెద్దలకు గుర్తొచ్చేది ఫోన్ లాక్కోవడం. కారు పందెం గేముకు ఇక్కడ అంత పేరు లేదు. అయినా ఈ రెండు జిల్లాల మీదుగానే ఈ సంగతి చెప్పాలనుకోవడానికి కారణం దూరం. ఆదిలాబాద్ కుర్రాడికి రేస్ డ్రైవరు కావాలనిపిస్తే, చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకు అతనికి తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. అక్కడికి చేరినా కారు, టైర్లు, మెకానిక్కు, ప్రవేశ రుసుము కలిపి ఒక్క సీజనుకు లక్షలు కావాలి. కారు పందెం ఎప్పుడూ కలిగినింటి పిల్లల ఆటే. గేము ఆ ఖర్చులో ఎక్కువ భాగాన్ని కొట్టేస్తుంది. ఎంత కొట్టేస్తుంది, ఎక్కడ కొట్టేయలేదు అన్నది విజ్ఞానశాస్త్రం చెప్పాల్సిన లెక్క.

ఆ లెక్కకు ముందు కాస్త చరిత్ర. పెద్ద క్రీడోత్సవాల్లో కొత్త ఆటను పతకం లేకుండా ముందు ఆడించి చూపించడం పాత పద్ధతి. ఆదిలాబాద్ నుంచి గీత గీస్తే నూట అరవై కిలోమీటర్ల దూరంలో అమరావతి ఉంది, ఆంధ్రప్రదేశ్ రాజధాని కాదు, విదర్భ అమరావతి. అక్కడి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి జట్టు 1936లో బెర్లిన్ వెళ్లి ఒలింపిక్స్ వేళ కబడ్డీ ఆడి చూపించింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కబడ్డీ మళ్లీ ప్రదర్శన క్రీడే. 1990 బీజింగ్‌లో పతకం దక్కింది. బ్యాడ్మింటన్‌దీ అదే దారి: 1972 మ్యూనిక్‌లో ప్రదర్శన, 1992 బార్సిలోనాలో పతకం, 2016 రియోలో మన సింధు మెడలో రజతం.

కారు పందెం గేము దారి ఇంత తిన్నగా లేదు. 2007లో మకావులో జరిగిన ఆసియా ఇండోర్ క్రీడల్లోనే నీడ్ ఫర్ స్పీడ్ అనే కారు పందెం గేము ఉంది. 2018లో జకార్తా ఆసియా క్రీడలు ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా తీసుకున్నప్పుడు ఎంచుకున్న ఆరు ఆటల్లో కారు పందెమే లేదు. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఒలింపిక్ వర్చువల్ సిరీస్ పేరుతో పెట్టిన పోటీల్లో గ్రాన్ టురిస్మో చేరింది, ఇటలీకి చెందిన వలేరియో గాల్లో గెలిచాడు. 2023 జూన్‌లో సింగపూర్‌లో జరిగిన ఒలింపిక్ ఈ-స్పోర్ట్స్ సిరీస్‌లో ఫ్రాన్స్ కుర్రాడు కిలియాన్ డ్రుమో గెలిచాడు. 2026 ఐచి-నగోయా ఆసియా క్రీడల్లో పతకాలిచ్చే ఆటల జాబితాలో గ్రాన్ టురిస్మో 7 పేరుంది. మన దేశంలో 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2025 మేలో బిహార్‌లో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడల్లో అది ప్రదర్శన అంశం. ఆ ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి విడదీసింది. 2017 నుంచే ఆన్‌లైన్ రమ్మీని కట్టడి చేసిన తెలంగాణలో ఈ తేడా ఇంట్లో పెద్దవాళ్లకు విడమరిచి చెప్పుకోవడం మంచిది.

చరిత్రను అక్కడ ఆపి టైరు దగ్గరికి వద్దాం.

కారు ఎంత పెద్దదైనా ఒక్కో టైరు నేలను తాకేది అరచేయంత చోటులోనే. వేగం పెంచడం, ఆపడం, తిప్పడం అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే నడవాలి. స్టీరింగ్ తిప్పగానే కారు తిరిగిపోతుందని మనం అనుకుంటాం. నిజానికి ముందు తిరిగేది చక్రం. నేలకు అంటుకున్న రబ్బరు ఇంకా పాత దారినే పట్టుకుని ఉండటంతో మెలిపడుతుంది. ఆ మెలికలోంచే బండిని పక్కకు నెట్టే బలం పుడుతుంది. అంటే చక్రం చూసే దిక్కుకూ బండి పోతున్న దిక్కుకూ మధ్య ఎప్పుడూ కొద్దిపాటి కోణం ఉంటుంది. దాన్ని జారుడు కోణం అందాం. మామూలు రోడ్డు టైరుకు ఆరు నుంచి పది డిగ్రీల దాకా ఈ కోణం పెరిగేకొద్దీ పట్టూ పెరుగుతుంది. ఆ శిఖరం దాటితే పట్టు తగ్గుతుంది. రేస్ టైరుకు ఆ శిఖరం ఇంకా ముందే వస్తుంది, దిగుడు ఇంకా నిటారుగా ఉంటుంది. గెలిచే డ్రైవరు ఆ శిఖరం అంచు మీదే ల్యాపంతా నడుపుతాడు. ఓడేవాడు దానికి ఇవతలే ఉండిపోతాడు, లేదా అవతల పడి గోడకు తగులుతాడు.

నిర్మల్ దాటాక పాత ఏడో నంబరు జాతీయ రహదారి మీద మహబూబ్ ఘాట్ ఉంది. అక్కడ లారీ దించే డ్రైవరును గమనించండి. బ్రేకు పని మలుపుకు ముందే ముగించుకుని, మలుపులో కాలు తేలిక చేస్తాడు. చక్రానికి ఉండే మొత్తం పట్టు ఒక్కటే. బ్రేకుకు ఎక్కువ వాడితే తిప్పడానికి తక్కువ మిగులుతుంది. నిండా బ్రేకు తొక్కి స్టీరింగ్ తిప్పితే బండి తిన్నగానే పోతుంది. రేస్ డ్రైవరు చేసేదీ ఇదే లెక్కతో, కాకపోతే పైసా మిగల్చకుండా. మలుపులోకి వంగేకొద్దీ బ్రేకు మీద కాలును మిల్లీమీటరు మిల్లీమీటరుగా ఎత్తుతూ, బ్రేకు వదిలేసిన పట్టునంతా స్టీరింగుకు ఇస్తాడు. ఆ పక్కనే ఇంకో చిక్కుంది. బ్రేకు తొక్కితే బరువు ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. కాలు ఒక్కసారిగా ఎత్తినా, ఒక్కసారిగా తొక్కినా బండి తోక తిప్పుతుంది.

దీన్నంతా కంప్యూటరుకు ఎలా నేర్పడం? రబ్బరు అణువుల దగ్గర్నుంచి మొదలుపెడితే లెక్క తెమలదు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ పసైకా, వోల్వో ఇంజినీర్లతో కలిసి 1980ల చివర్లో ఒక అడ్డదారి కనిపెట్టాడు. టైరును యంత్రం మీద పరీక్షించి వచ్చిన వంపు రేఖకు అచ్చంగా సరిపోయే సూత్రాన్ని తయారుచేశాడు. సైన్ లోపల ఆర్క్‌టాన్‌ను పెట్టి, నాలుగైదు స్థిరాంకాలు తగిలించిన సూత్రం అది. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లు చూస్తే గుర్తుపడతారు. అది ఎందుకు సరిపోతుందో భౌతికశాస్త్రంలోంచి రుజువు చేయలేరు కాబట్టి దానికి మ్యాజిక్ ఫార్ములా అన్న పేరే నిలిచిపోయింది. పెద్ద పెద్ద ఇంజినీర్లు పరిశోధన పత్రంలో ఆ పేరు రాసుకున్నారంటే నాకు ముచ్చటేస్తుంది. కార్ల కంపెనీల సిమ్యులేటర్లు, చాలా రేసింగ్ గేములు ఈ సూత్రాన్నో దాని దాయాదులనో వాడతాయి. గేము కారు నిజం కారులా జారడానికి మూలం ఇక్కడుంది.

తెర మీద బొమ్మ మామూలుగా సెకనుకు 60 సార్లు మారుతుంది. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 55 మీటర్లు పోతుంది కనుక, ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య కారు మీటరుకు కాస్త తక్కువ దూరం దూకేస్తుంది. టైరు లెక్కకు అది చాలదు. అందుకే ఐరేసింగ్ లాంటి సిమ్యులేటర్లు టైరు లెక్కను సెకనుకు 360 సార్లు చేస్తాయి, అంటే కారు పదిహేను సెంటీమీటర్లు కదిలిన ప్రతిసారీ ఒకసారి. అవి ట్రాకులను కూడా లేజర్లతో కొలిచి ఎక్కించుకుంటాయి. రోడ్డు మీది అతుకు, గుంత, అంచు దిమ్మె ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది గుర్తుందా? 2.83 కిలోమీటర్ల ఆ దారిలో చాలా భాగం మామూలు రోజుల్లో మన బస్సుల దారి, ఆటోల దారి. డ్రైవర్లకు ముందుగా దాని మీద సాధన చేసే వీలే లేదు. ఆ పద్దెనిమిది మలుపులను వాళ్లు తమ దేశాల్లో సిమ్యులేటర్ల మీద నేర్చుకుని విమానం దిగారు. గెలిచిన ఫ్రెంచి డ్రైవరు జాన్-ఎరిక్ వెర్న్ కూడా. మన ఎన్టీఆర్ మార్గ్‌ మీద వాళ్లు మొదట కారు నడిపింది గేములోనే అనాలి.

ఇప్పుడు చేతి సంగతి. నా మటుకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా అందమైనది ఇదే.

మలుపులో టైరును పక్కకు నెట్టే బలం, నేలను తాకే ఆ అరచేయంత చోటుకు సరిగ్గా నడిమధ్యన పనిచేయదు. కొంచెం వెనక్కి పనిచేస్తుంది. దానివల్ల చక్రం తనంతట తాను తిన్నగా కావాలని చూస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదులు చేస్తే అదే వెనక్కి తిరగడానికి ఇదొక ముఖ్య కారణం. స్టీరింగ్ బరువుగా అనిపించేదీ కొంతవరకు అందుకే. జారుడు కోణం పెరిగేకొద్దీ ఆ చోటులో వెనక భాగం రబ్బరు ముందుగా పట్టు వదులుతుంది. దాంతో బలం పనిచేసే బిందువు ముందుకు జరిగి నడిమికి వస్తుంది. చేతిలో స్టీరింగ్ తేలికవుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, మొత్తం పట్టు ఇంకా శిఖరానికి చేరక ముందే స్టీరింగ్ తేలికవడం మొదలవుతుంది. అంటే టైరు జారబోయే ముందు చేతికి కబురు పంపుతుంది. మంచి డ్రైవరు ఆ కబురు అందగానే తిప్పడం ఆపేస్తాడు. కొత్తవాడు, బండి తిరగట్లేదనుకుని ఇంకా తిప్పుతాడు. ఆ తర్వాత జరిగేది అందరూ చూస్తారు.

గేము స్టీరింగ్ వెనక ఒక మోటారు ఉంటుంది. గేము లెక్కగట్టిన మెలితిప్పు బలాన్ని అది చేతికి అందిస్తుంది. చవక రకాల్లో మోటారుకూ స్టీరింగుకూ మధ్య పళ్ల చక్రాలు ఉంటాయి, బలం రెండు న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. ఆ పళ్ల గరగరలో చిన్న కబుర్లు కలిసిపోతాయి. ఖరీదైన వాటిలో స్టీరింగ్ నేరుగా మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది, బలం పది, ఇరవై న్యూటన్ మీటర్ల దాకా పోతుంది. పడక్కుర్చీలో కూర్చుని ఫోన్‌ను అటూ ఇటూ వంచుతూ కారు నడిపే పిల్లలను చూసే ఉంటారు. ఫోన్‌లో వెంట్రుకకన్నా సన్నని సిలికాన్ పలకలు ఊగుతూ, భూమ్యాకర్షణ ఏ దిక్కున లాగుతున్నదో కొలిచి చెబుతాయి. తిప్పడానికి అది బాగానే పనిచేస్తుంది. కానీ అది ఒకే వైపు దారి. పిల్లాడి చేయి గేముకు చెబుతుంది, గేము చేతికి తిరిగి ఏమీ చెప్పదు. అందుకే కరీంనగర్‌లో ఎవరైనా ప్రదర్శన పోటీ పెట్టదలిస్తే ఫోన్ పందెం వద్దంటాను. జనం ఎక్కువే వస్తారు, చూపించాల్సిన విద్య మాత్రం అందులో ఉండదు.

గేము అందించలేనిది కూడా ఉంది. నిజం ఫార్ములా-1 కారు బ్రేకు వేస్తే డ్రైవరు ఒంటి మీద తన బరువుకు ఐదింతల దాకా బలం పడుతుంది. మెడ, నడుము, లోపలి చెవి బండి తోక ఊగడాన్ని కంటికన్నా ముందు పసిగడతాయి. కుర్చీలో కూర్చున్నవాడికి ఇవేవీ లేవు. కళ్లు కదులుతున్నామంటాయి, చెవిలోని తుల్యత యంత్రం కదలడం లేదంటుంది. ఈ పేచీ వల్లే కొందరికి గేములో కడుపులో తిప్పుతుంది. భయమూ ఉండదు. ఆప్ట్ లాంటి నిజం డ్రైవర్లు గేములో తడబడటానికి ఇదొక కారణం. ఏళ్ల తరబడి నడుముతో విన్న భాషను హఠాత్తుగా కళ్లతోనే చదవమంటే కష్టం. గేమర్ మొదటి నుంచీ కంటితో, చేతితో, టైరు కీచు శబ్దంతోనే చదవడం నేర్చాడు.

ఇక ఆదిలాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో ఆడితే ఏమవుతుందో చూద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆదిలాబాద్ నుంచి ముంబయి గీత గీస్తే ఆరు వందల కిలోమీటర్లు, కాంతికి మూడు మిల్లీసెకన్లు. పోయి రావడానికి ఆరు. సింగపూర్ అయితే 3,400 కిలోమీటర్లు, పోయి రావడానికి 34 మిల్లీసెకన్లు. ఇది ఏ కంపెనీ తలకిందులుగా తపస్సు చేసినా తగ్గని లెక్క, గాజులో కాంతి వేగం పెట్టిన హద్దు. వాస్తవంలో తీగ తిన్నగా పోదు. హైదరాబాద్ దిగి, ఒకటి రెండు చోట్ల వరుసలో నిలబడి పోతుంది కాబట్టి ఇంతకు కొన్ని రెట్లు పడుతుంది. మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ తీగలు కూడా వేయడంతో మంచినీళ్లూ ఇంటర్నెట్టూ ఒకే గుంతలో ఊళ్లకు చేరాయి. కానీ ఇంటి లోపల చివరి పది అడుగులూ వైఫై మీద నడిస్తే ఆ లాభం కొంత పోతుంది. పక్కింటి వైఫైతో పోటీ, మధ్యలో గోడలు, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్.

యాభై మిల్లీసెకన్ల ఆలస్యం చాలా చిన్నదే అనిపిస్తుంది. రెప్పపాటుకు కూడా కనీసం అంతకు రెండింతలు పడుతుంది. కానీ రెండు వందల వేగంలో యాభై మిల్లీసెకన్లంటే 2.8 మీటర్లు, సగం కారు పొడవుకన్నా ఎక్కువ. నీ తెర మీద నీ కారు ఇప్పుడున్న చోట ఉంటుంది. ఎదుటివాడి కారు మాత్రం యాభై మిల్లీసెకన్ల కిందట ఉన్న చోటు నుంచి వచ్చిన కబురు. అందుకని గేము ఊహిస్తుంది: ఈ వేగంతో, ఈ దిక్కున పోతున్నాడు కాబట్టి ఇప్పటికి ఇక్కడ ఉండాలి అని అక్కడ బొమ్మ వేస్తుంది. నడిసముద్రంలో నావికులు వాడిన పాత లెక్కే ఇది. 1980లలో అమెరికా సైన్యం యుద్ధ ట్యాంకుల సిమ్యులేటర్లను ఒకదానితో ఒకటి కలిపినప్పుడు దీన్నే వాడుకుంది. తిన్నని దారిలో ఊహ దాదాపు తప్పదు. బ్రేకు వేసే చోట తప్పుతుంది. ముందున్నవాడు బ్రేకు తొక్కిన సంగతి నీకు ఇంకా చేరలేదు, గేము అతణ్ని పాత వేగంతోనే ముందుకు జరుపుతుంది, ఆ వెంటనే నిజం తెలిసి వెనక్కి లాగుతుంది. నీ తెర మీద నువ్వు అతణ్ని గుద్దావు. అతని తెర మీద నువ్వు నాలుగడుగుల దూరంలో ఉన్నావు. ఇద్దరూ నిజమే చెబుతారు. తుపాకుల ఆటలో ఇలాంటి తేడాను ఏదోలా సర్దేస్తారు. రెండు కార్లు ఒకదానికొకటి ఆనుకుని మలుపు తిరిగే ఆటలో సర్దడం కష్టం.

అందుకే పెద్ద పోటీల్లో తొలి వడపోత ఎక్కువగా టైమ్ ట్రయల్ పద్ధతిలో ఉంటుంది: ట్రాకు మీద నువ్వొక్కడివే, గడియారమే ప్రత్యర్థి. లెక్కంతా నీ యంత్రంలోనే జరుగుతుంది, ల్యాప్ సమయం మాత్రం బయటికి పోతుంది. ఈ ఒక్క ఆట రూపంలో ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లికీ టోక్యోకూ మధ్య తేడా సున్నా. ఆపైన చివరి పందెం మాత్రం అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి, తీగతో ఒకే పెట్టెకు కలిపి ఆడిస్తారు. అక్కడ ఆలస్యం ఒక మిల్లీసెకను లోపే. కార్లు కూడా అందరికీ ఒకటే ఇచ్చి, ఇంజిను బలాన్నీ టైరు రకాన్నీ ముడి వేసేస్తారు. నిజం పందెంలో ఎవడి కారు గొప్పదన్న గొడవ ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ దానికి తావు లేదు.

ఇలాంటి పోటీ మా కరీంనగర్‌లో పెట్టాలంటే గుట్టలు తవ్వి ట్రాకు వేయనక్కర్లేదు. ఒక కాలేజీ హాలు, ఎనిమిదో పదో యంత్రాలు, ఒక స్విచ్ పెట్టె, ఇన్వర్టరు చాలు. ఇన్వర్టరు ఎందుకో చెప్పనక్కర్లేదు. వేడి సంగతి మాత్రం చెప్పాలి. ప్లేస్టేషన్ 5 పనిచేయాల్సిన ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని తయారీదారే రాసి పెట్టాడు. మేలో ఆదిలాబాద్, రామగుండం 45 డిగ్రీలను తాకుతాయి. చలికాలంలో ఆదిలాబాద్ పల్లెల్లో పారా 5 డిగ్రీల కిందికీ దిగుతుంది. ఆ యంత్రం చేసినవాళ్లు మన ఆదిలాబాద్ సంవత్సరాన్ని రెండు కొసలా ఒప్పుకోలేదన్నమాట. చలికి హాలు తలుపులు మూస్తే సరిపోతుంది. వేడికి కంప్యూటర్లు, ఫోన్లు తమ ప్రాసెసరును కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అప్పుడు తెర మీద బొమ్మలు సెకనుకు 60 నుంచి 40కి పడిపోతాయి. వరుసలో చివరి యంత్రం కిటికీ పక్కన ఎండలో ఉంటే, అందరికీ ఒకే కారు ఇచ్చామన్న మాట అక్కడితో గాలికి పోతుంది. పెట్టదలిస్తే డిసెంబరులో పెట్టడం మేలు.

టీవీల గురించి కూడా ఒక మాట. ఇంట్లో టీవీలు బొమ్మను నునుపు చేయడానికి కొంతసేపు తమ దగ్గర అట్టిపెట్టుకుంటాయి. గేమ్ మోడ్ పెట్టకపోతే ఆ ఆలస్యమే ఇంటర్నెట్ ఆలస్యాన్ని మించిపోవచ్చు. ముంబయి దాకా పోయే తీగను తిట్టుకునేవాళ్లు ముందు రిమోట్ చేతికి తీసుకోవాలి.

పెడళ్లలో ముఖ్యమైనది బ్రేకు. చవక బ్రేకు పెడలు ఎంత దూరం కదిలిందో కొలుస్తుంది. మంచి బ్రేకు, నిజం కారులాగా, ఎంత బలంతో తొక్కారో కొలుస్తుంది. మన కాలికి దూరం సరిగ్గా గుర్తుండదు, బలం బాగా గుర్తుంటుంది. అందుకే బలాన్ని కొలిచే పెడలుకు మారినవాళ్ల ల్యాప్ సమయాలు వెంటనే తగ్గకపోయినా, ఒక ల్యాపుకూ ఇంకో ల్యాపుకూ మధ్య తేడా తగ్గుతుంది. అయితే అలాంటి బ్రేకును ముప్పై నలభై కిలోల బరువు పెట్టినంత గట్టిగా తొక్కాలి. హాల్లో ఆఫీసు చక్రాల కుర్చీలు వేస్తే న్యూటన్ మూడో సూత్రం ఊరుకోదు. కాలు పెడలును ముందుకు తోస్తే పెడలు మనిషిని వెనక్కి తోస్తుంది. నున్నటి టైల్స్ మీద కుర్చీ జారి, మొదటి మలుపులోనే ఆటగాడు టేబులుకు అడుగున్నర దూరం పోతాడు. కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలైనా సరే, చక్రాలు లేనివి తెప్పించి, వెనక కాళ్లను గోడకు ఆనించి వేయాలి. లేదా కుర్చీని టేబులుకు తాడేసి కట్టాలి.